పొలిమేర నీళ్ళు

సూర్యుడు నడినెత్తికెక్కాడు. నల్లశిఖర పర్వతాల వాలు నిండా మోదుగులు ఎర్రగా విరగబూసి, కొండకొండంతా పట్టుచీర కట్టినట్టుంది. ఆ కొండల కడుపులో పుట్టిన చంద్రవంక నది మొగలిపొదల మధ్య మెలికలు తిరుగుతూ, లోయలోని సుడిమడుగు వైపు దూకుతోంది. చూసే తీరిక ఉండాలే గాని అంత అందమైన చోటు సప్తనాడులో మరొకటి లేదు. ఆ మధ్యాహ్నం ఎవరికీ ఆ తీరిక లేదు. కొండ దిగువన మాడిపోతున్న రాతినేల మీద ఐదువేల మంది సైనికులు మూడు రోజులుగా నిలబడి ఉన్నారు. వాళ్ళకు ఎదురుగా పన్నెండు మంది కావలివాళ్ళు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో మోకాలెత్తు రాయి ఒకటి ఉంది.

ఐదువేల మందిని పన్నెండు మంది ఆపడమేమిటని నవ్వకండి. ఆపుతున్నది ఆ రాయే.

సప్తనాడు ఒకే రాజ్యం, కాని ఏడు నాడుల రాజ్యం. నూటయాభై ఏళ్ళనాడు ఈ ఏడు నాడులూ ఒకరినొకరు నరుక్కుని, నరికే ఓపిక కూడా చచ్చాక, కూర్చుని ఒక ఒడంబడిక రాసుకున్నాయి. సైన్యం, నాణెం, రహదారి, పరాయి రాజులతో మాట చక్రవర్తివి. నీరు, నేల, సంత, ఊరి తగవు ఎవరి నాటివి వాళ్ళవి. చక్రవర్తి ఉంగరం ముద్ర వేసినా, ఏడు నాడుల పెద్దలు కూర్చునే కొలువు దారంతో ముడి వేసేదాకా ఏ ఆజ్ఞా చెల్లదు. చక్రవర్తికీ నాటికీ పేచీ వస్తే తేల్చేది త్రిశృంగం మీది న్యాయపీఠం. ఇక చక్రవర్తి సైన్యం ఏ నాట్లో కాలు పెట్టాలన్నా, ఆ నాటి కావలి తన చేత్తో పొలిమేర రాయి మీదుగా నీళ్ళు అందించాలి. ఉంగరం తొడిగిన మనిషి ఆ నీళ్ళు తాగితే సైన్యం అతిథి. తాగకుండా దాటితే శత్రువు. తాతలు అన్నీ ఆలోచించే రాశారు, పాపం. ఆ రాతలో దూరడానికి సందు వెతికేవాడు ఎప్పుడో ఒకప్పుడు పుడతాడని మాత్రం మరిచిపోయారు.

వాడు పుట్టాడు. వాడి పేరు భస్మకేతుడు. చక్రవర్తికి మంత్రి, పైగా మాంత్రికుడు. వాడి కన్ను మొగలినాటి సుడిమడుగు తూము మీద పడింది. దిగువ ఆరు నాడులకూ ఆ తూము ఏడు తలుపుల గుండానే నీరు పోవాలి. వంతు తప్పకుండా వదలడం మొగలినాటి బాధ్యత, వదలకపోతే న్యాయపీఠం చెవి మెలేస్తుంది. ఆ తాళాలే భస్మకేతుడి మొలకు చేరితే, ఆరు నాడుల గొంతులూ వాడి గుప్పిట్లో ఉంటాయి.

రాయి దగ్గరున్న పన్నెండు మంది మొగలినాటి కావలివాళ్ళకు పెద్ద కాచన. ముప్పై ఏళ్ళవాడు, చెయ్యి చురుకు, మాట నిదానం. అవతల సైన్యానికి దండనాయకుడు కంపనుడు. మీసం నెరిసిన సైనికుడు, తూర్పున వరినాటి మనిషి.

"కావలీ, ఆ గుక్కెడు నీళ్ళేవో పొయ్యరాదూ? మర్యాదగా లోపలికొచ్చి మర్యాదగా పోతాం" అన్నాడు కంపనుడు, నుదుటి చెమట తుడుచుకుంటూ.

"మీరు మర్యాదస్తులే దొరా. మిమ్మల్ని పంపించినాయన సంగతి చెప్పండి" అన్నాడు కాచన.

కంపనుడు నవ్వాడు. చక్రవర్తి చెప్పమన్నది చెప్పాడు. రాయి దాటమని ఎవరూ చెప్పలేదు, చెప్పినా దాటేవాడు కాదు.

అంతలో సైన్యం మధ్యనుంచి ఒక ముసలమ్మ తూలుకుంటూ వచ్చింది. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. పెదవులు చిట్లి నెత్తురు కారుతోంది. రాయి దగ్గరికి వచ్చి, దాని మీద తల వాల్చి పడిపోయింది.

"నాయనా, వాళ్ళనడిగితే తన్ని తరిమేశారురా! గొంతు పిడచకట్టుకు పోతోందిరా అయ్యా!"

కాచన నడుముకున్న సొరబుర్ర మూత తీశాడు. పక్కనున్న కావలివాడు అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఆగు. ఎవరో ఏమిటో అడుగు ముందు."

"నోరు ముయ్యి. దాహమన్నవాళ్ళని పేరడిగే రోజులొచ్చాయా మనకి?"

మొగలినాటి మనుషులు అలాంటివాళ్ళు. తాగకముందు పేరడిగితే, ఆ ఇంటికి ఏడాదిపాటు ఎవరూ పిల్లనివ్వరు. మరో నాటివాడైతే వంద ప్రశ్నలు వేసేవాడు. కాచన ఒక్కటీ వెయ్యలేదు. రాయి మీదుగా చెయ్యి చాచి, ముసలమ్మ నోట్లో నీళ్ళు పోశాడు.

ముసలమ్మ గటగటా తాగింది. మూతి తుడుచుకుంది. ఆ తుడుచుకున్న చేతికి ముడతల్లేవు! కాచన చూస్తుండగానే ఆమె నడుము నిటారయింది. నెరిసిన జుట్టు జడలు కట్టింది, ఒంటి మీది చర్మం కుబుసంలా జారి కిందపడింది. దానిలోంచి నిలువెల్లా విభూతి, నుదుట రక్తచందనం, మెడలో ఎముకల దండతో ఒక పొడవాటి మనిషి లేచి నిలబడ్డాడు. అతని వేలికి చక్రవర్తి ఉంగరం తళతళలాడుతోంది.

"చక్రవర్తి ఉంగరమున్న చెయ్యి మొగలినాటి నీళ్ళు తాగింది! ఐదువేల మంది సాక్షులు! కంపనా, నడిపించు!"

కంపనుడి ముఖం నల్లబడింది. "ఇది బాగాలేదు మంత్రివర్యా."

"బాగుందా అని నిన్నెవరడిగారు? చెల్లిందా, లేదా?"

కంపనుడు రాయి వంక చూశాడు, కాచన వంక చూశాడు. కళ్ళారా చూసిన దాన్ని కాదనడం అతనికి చేతకాదు. "చెల్లింది" అన్నాడు.

ఐదువేల మందీ రాయి దాటారు.

కాచన గుర్రమెక్కి మడుగు వైపు పరుగు తీయించాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోతున్నాయి. వెనక తనవాళ్ళు ఏమంటున్నారో వినబడలేదు, వినే ధైర్యమూ లేదు.

సుడిమడుగు గట్టు మీద, తూము నెత్తిన, అతని చెల్లెలు నీలవ్వ నిలబడి ఉంది. ఆమె తూము పెద్ద. ఏడు తాళంచెవులు గొలుసుతో నడుముకు చుట్టుకుని ఉంటుంది. కింద మడుగు ఎనభై బారల లోతున గిర్రున తిరుగుతోంది.

"నీళ్ళెవరిచ్చారన్నా?"

"నేనే."

నీలవ్వ అన్న చెంప ఛెళ్ళుమనిపించింది. తరవాత అదే చేత్తో అతని భుజం పట్టుకుని భోరుమంది. కాచనకు చెంప నొప్పి తెలియలేదు, ఆ ఏడుపే తట్టుకోలేకపోయాడు.

ఈలోగా సైన్యం వచ్చి గట్టు కింద నిలిచింది. నీలవ్వ కళ్ళు తుడుచుకుని అంచుకు జరిగింది.

"ఒక్కడు గట్టెక్కాడా, తాళాలతో సహా దూకేస్తాను! ఆ తరవాత వెయ్యేళ్ళు వెతుక్కోండి!"

భస్మకేతుడు కంగారు పడలేదు. గట్టు కింద హోమగుండం తవ్వించి, నిప్పు రాజేశాడు. "దూకు తల్లీ, తొందరేముంది? రేపు పొద్దుగూకేసరికి నా జలస్తంభన మంత్రం పండుతుంది. మడుగు మడుగంతా రాయవుతుంది. అప్పుడు దూకితే నీ ఎముకలు విరుగుతాయి, తాళాలు పైనే ఉంటాయి."

కాచన కత్తి దూశాడు. నీలవ్వ అతని మణికట్టు పట్టుకుని గొంతు తగ్గించింది.

"ఐదువేల మందిని నరుకుతావా? నువ్విచ్చిన అనుమతి అది. దాన్ని కొట్టెయ్యగలిగింది త్రిశృంగం ఒక్కటే. పో అన్నా. రేపు పొద్దుగూకేలోపు రా. వస్తావు కదూ?"

కాచన కత్తి అక్కడే పడేసి గుర్రమెక్కాడు.

మొదటి ఆమడ దాటకముందే ఆకాశం మసకబారింది. హోమగుండం బూడిదలోంచి లేచిన గద్దలు గుంపులు గుంపులుగా వెంటబడ్డాయి. వాటి రెక్క తగిలిన చెట్టు తగిలినచోటే బొగ్గయింది. గుర్రం తోక అంటుకుంది. కాచన గుర్రంతో సహా చంద్రవంక పక్కనున్న బురదగుంటలోకి ఉరికాడు. పైనుంచి కింద దాకా బురద పూసుకుని ఒడ్డెక్కాడు. గద్దలు వచ్చి మీదపడ్డాయి. తడి బురదకు బూడిద అతుక్కుపోయింది, ఒక్కొక్క గద్దా అతని వీపు మీదే ముద్దయి చల్లారింది. చివరి గద్ద చల్లారేసరికి కాచన మనిషిలా లేడు, నడిచే పుట్టలా ఉన్నాడు.

గాలికనుమలో గుర్రం కూలబడింది. అక్కడినుంచి కాలినడక. తెల్లవారేసరికి త్రిశృంగం మెట్ల మొదట్లో నిలబడ్డాడు. మెట్లకు అడ్డంగా తాటిమానంత ఉడుము పడుకుని ఉంది, పీఠానికి వచ్చేవాళ్ళను మింగమని ఎవరో కట్టేసి పోయినట్టు. కట్టేసిందెవరో చెప్పనక్కర్లేదు. ఉడుము నోరు తెరిచింది. కాచన వీపు మీద ఎండిన బురద పెళ్ళను ఊడబీకి, దాని గొంతులో కుక్కాడు. గడ్డకట్టిన బూడిద గొంతుకు అడ్డంపడి అది గిలగిలా కొట్టుకుంది. ఆ తోక దెబ్బకు నాలుగు మెట్లు పగిలాయి. కాచన దాని నడుము మీదుగా పాకి, అటువైపు దిగి, వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

శిఖరం కొసన పాలరాతి మండపం. దానికి మూడు వాకిళ్ళు. ఒకటి చక్రవర్తికి, ఒకటి నాడులకు, ఒకటి ఏ అండా లేనివాళ్ళకు. తామరలు చెక్కిన స్తంభాలు, నెమలికంఠం రంగు రాళ్ళు తాపిన కప్పు, కప్పులోంచి పడుతున్న నీరెండ. ఇంత వైభవం మధ్య ఒక ముసలావిడ చాప మీద కూర్చుని, చేటలో బియ్యం ఏరుకుంటోంది. ఆమే పెద్ద తీర్పరి గౌరసాని.

కాచన సాష్టాంగపడి జరిగిందంతా చెప్పాడు. ఆమె మెరిగలు ఏరి పక్కన పెట్టింది.

"ఒక్కడి మాట విని తీర్పు చెప్పను నాయనా. ఎదుటివాడేడీ?"

"వాడెందుకొస్తాడమ్మా! ఈలోగా నా చెల్లెలు..."

"వస్తాడులే. తన మాట లేకుండా తీర్పు పోతే వాడికే నష్టం."

చక్రవర్తి వాకిట్లోంచి బూడిద సుడి ఒకటి లోపలికి వచ్చి, భస్మకేతుడి ఆకారం కట్టింది. అసలు మనిషి హోమం దగ్గరే ఉన్నాడు, ఇది వాడి నీడ. కాని మాట మాత్రం వాడిదే.

"అమ్మా, ఒడంబడికలో ఏముంది? కావలి పొయ్యాలి, ఉంగరమున్నవాడు తాగాలి. వేషం వెయ్యకూడదని ఎక్కడైనా ఉందా? వీడు పోశాడు. నేను తాగాను."

"తూము పట్టుకోమన్న ఆజ్ఞ ఉందా?"

"ఉంగరం ముద్ర ఉంది."

"కొలువు ముడి?"

నీడ విసుక్కుంది. "ప్రతిదానికీ ఏడుగురిని అడుగుతూ కూర్చుంటే రాజ్యం నడిచినట్టే! చక్రవర్తి అలిసిపోయారమ్మా. ఒక కాలువ తవ్వాలంటే ఏడేళ్ళు. ఒక వంతెనకి ఏడు పేచీలు. ఒక్క చేతిలో ఉంటే ఒక్క రోజులో అవుతుంది."

"అవుతుంది. చెడ్డపని కూడా ఒక్క రోజులోనే అవుతుంది" అని గౌరసాని కాచన వైపు తిరిగింది. "నువ్వు ఎవరని అడిగావా?"

"లేదమ్మా. దప్పికైనవాళ్ళని మేం అడగం."

"పక్కవాడు అడగమన్నాడా?"

కాచన తల దించుకున్నాడు. "అన్నాడమ్మా. నోరు ముయ్యమన్నాను."

ఆమె చేట పక్కన పెట్టింది. తరవాత తాటాకు తీసుకుని రెండు పంక్తులు గీసి, లక్క ముద్ర వేసి, పైకి చదివింది.

"మోసంతో తాగిన నీరు అనుమతి కాదు. కొలువు ముడి లేనిది ఆజ్ఞ కాదు. సైన్యమూ మంత్రీ ఈ పొద్దు గూకకముందే వచ్చిన దారిన మొగలినాటి పొలిమేర దాటాలి."

కాచన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేవబోయాడు.

"కూర్చో. ఇంకో పంక్తి ఉంది. నాటి తరఫున చాచిన చేతిని చూసుకోకుండా వాడిన కాచన ఇక కావలి కాడు, మొగలినాటివాడూ కాడు. సైన్యంతో పాటు అతనూ పొలిమేర దాటాలి. మళ్ళీ రాకూడదు."

"అమ్మా! దాహం తీర్చడం నేరమా?"

"నేరం కాదు నాయనా. నీ ఇంటి అరుగు మీద పోసుంటే నేనే నీకు దండం పెట్టేదాన్ని. ఆ రాయి దగ్గర నీ చెయ్యి నీది కాదు, నాటిది. అవతలివాడు తన హద్దు దాటాడని తీర్పు చెప్పి, నీ హద్దు సంగతి వదిలేస్తే ఆ తీర్పుని ఎవడు గౌరవిస్తాడు?"

నీడ పకపకా నవ్వింది. "ఎవరు జరిపిస్తారు దీన్ని? నీకు సైన్యముందా ముసలమ్మా?"

"లేదు. ఈ ఆకే ఉంది. సైన్యం కూడా ఉంటే నేనూ నీలాగే తయారయ్యేదాన్నేమో!" అని ఆమె మళ్ళీ చేట అందుకుంది.

నీడ విరిగి గాలిలో కలిసింది. కాచన ఆకు గుండెలకు కట్టుకుని శిఖరం వెనక దిగాడు. చంద్రవంక పుట్టేచోట జాలరుల తోలుపుట్టి ఒకటి బోర్లించి ఉంది. దాన్ని తిరగేసి నీళ్ళలోకి తోసి, లోపలికి దూకాడు. ఆ తరవాత తెడ్డుకు పని లేకపోయింది. పుట్టి బొంగరంలా తిరుగుతూ, బండలకు కొట్టుకుంటూ, జలపాతాల మీంచి గిరగిరా పడుతూ లేస్తూ దిగింది. రెండుచోట్ల అడుగు చిరిగింది. ఒకచోట తలపాగా కుక్కి, ఒకచోట కాలు పెట్టి ఆపాడు. సుడిమడుగు మూతికి చేరేసరికి పొద్దు బారెడు ఉంది.

మడుగు అంచులు అప్పటికే రాయయ్యాయి. ఎగిరిన చేపలు ఎగిరినట్టే గడ్డకట్టి ఉన్నాయి. నడుమ గుమ్మడికాయంత సుడి మాత్రమే ఇంకా తిరుగుతోంది. గట్టు మీద నీలవ్వ నిద్రలేక, తిండిలేక ఊగిపోతోంది. మొగలినాటి జనం గడ్డపారలు పట్టుకుని దూరాన నిలబడి ఏడుస్తున్నారు. ముందుకు వస్తే ఈటెలున్నాయి.

పుట్టి రాతికి తగిలి ముక్కలైంది. కాచన పాక్కుంటూ గట్టెక్కి ఆకు విప్పాడు. గొంతు చించుకుని మొదటి పంక్తి చదివాడు.

సైన్యంలో కలకలం రేగింది. "కొట్టండి వాణ్ణి!" అని భస్మకేతుడు హోమం దగ్గరనుంచి అరిచాడు. విలుకాళ్ళు బాణాలు సంధించి, కంపనుడి వైపు చూశారు. కంపనుడు చెయ్యెత్తి ఆపాడు.

"ముద్ర పీఠానిదే. అంతేనా, ఇంకేమైనా రాసుందా?"

కాచన నోరు పెగల్లేదు. చెల్లెలు రెండడుగుల దూరంలో ఉంది.

భస్మకేతుడి గొంతు తియ్యగా మారింది. "ఉంది. రెండో పంక్తి ఉంది, నేను విన్నాను. చదవడు చూడు కంపనా! తనకు పనికొచ్చింది చదివి, పనికిరాంది దాచుకునేవాడి ఆకు మనకెలా చెల్లుతుంది?"

కాచన ఆకు పైకెత్తాడు. తరవాత రెండో పంక్తి కూడా మొదటిదంత గట్టిగానే చదివాడు.

"అన్నా!" అని నీలవ్వ కేక పెట్టింది.

"తూము వదలకు చెల్లీ. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు కాచన. చేతికున్న కావలి కడియం తీసి గట్టు మీద పెట్టాడు. గట్టు దిగి, ఈటెల మధ్యనుంచి, పొలిమేర దారి పట్టాడు. ఆమెను ముట్టుకోలేదు. ముట్టుకుంటే వెళ్ళలేనని అతనికి తెలుసు.

కంపనుడు అతని వీపు వంక చూస్తూ నిలబడ్డాడు. తరవాత కత్తి ఒరలో పెట్టాడు.

"వెనక్కి తిరగండి!"

భస్మకేతుడు శపించాడు, బతిమాలాడు, ఉంగరం చూపించాడు. ఐదువేల మందిలో ఒక్కడూ తలెత్తలేదు. ఈటెలు కదిలిన మరుక్షణం జనం గడ్డపారలతో గుండం మీద పడ్డారు. నిప్పు చెదిరింది. మడుగు పెళపెళమని పగిలి మళ్ళీ గిర్రున తిరిగింది. భస్మకేతుడు బూడిద సుడిగా లేచి కొండల మీదుగా మాయమయ్యాడు. నీలవ్వ తాళాలు రెండు చేతులా పట్టుకుని గట్టు మీద కూలబడింది.

పొద్దు గూకుతుండగా కాచన అందరికంటే ముందు పొలిమేర దాటాడు. వెనక సైన్యం దాటింది. చివరి గుర్రం డెక్క రహదారి మీద పడ్డాక, కంపనుడు దిగి వచ్చి అతని ఎదుట నిలబడ్డాడు.

"తీర్పు అక్షరం తప్పకుండా జరిపించాను. నాటి లోపల ఉన్నంతసేపు నీ జోలికి రాలేదు. ఇప్పుడు నువ్వు రహదారి మీద ఉన్నావు తమ్ముడూ. రహదారి చక్రవర్తిది. సైన్యాన్ని మూడు రోజులు అడ్డగించిన కావలిని రాజధానికి తెమ్మని ఇవాళ పావురం మీద ఆజ్ఞ వచ్చింది."

"కొలువు ముడి ఉందా దొరా?"

కంపనుడు ఆజ్ఞ రాసిన ఆకు తిప్పి చూపించాడు. ఒక్కొక్క నాటికి ఒక్కొక్క రంగు పోగు. ఏడు పోగులూ ఉన్నాయి. మొగలినాటి ఆకుపచ్చ పోగు అన్నిటికంటే గట్టిగా బిగించి ఉంది.

"కొలువులోని మా నాటి పెద్ద ఇష్టపడి వేశాడా? మెడ మీద కత్తి పెడితే వేశాడా?"

"అది ఆకు మీద రాయరు కదా" అన్నాడు కంపనుడు.

కాచన చేతులు ముందుకు చాచాడు. కంపనుడు తానే సంకెళ్ళు వేసి, మణికట్లు ఒరుసుకోకుండా వాటి కింద తన ఉత్తరీయం చించి చుట్టాడు. సైన్యం రాజధాని వైపు కదిలింది. వాళ్ళకంటే చాలా ముందు, దారి మలుపులో, బూడిద రంగు సుడిగాలి ఒకటి అదే వైపు పరుగెడుతోంది.